కుడికే చుట్టాలి

కుతాయిసిలో మా అయిదంతస్తుల మేడ
నాకంటే రెండేళ్లు చిన్నది.
ఇద్దరికీ కీళ్ల దగ్గరే బాధ.

వంటింటి కొళాయి
ద్రాక్ష కోతలప్పటి నుంచీ కారుతోంది.
టప్.
ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగి, మళ్లీ
టప్.
కింద గిన్నె పెట్టాను. గిన్నెలో గుడ్డ పరిచాను.
గుడ్డ మీద పడే చప్పుడు ఇంకా అన్యాయం,
ఎవరో చెవిలో ఏదో చెప్పబోయి మింగేసినట్టు.

పనివాడు మంగళవారం వస్తానన్నాడు.
ఏ మంగళవారమో చెప్పలేదు.

ముప్ఫయ్యొక్క ఏళ్లు భూగోళం చెప్పినదాన్ని.
ఏ నది ఎక్కడ పుట్టి ఏ సముద్రంలో కలుస్తుందో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
నా ఇంట్లోకి నీళ్లు ఎటునుంచి వస్తాయో మాత్రం
సింకు కిందికి తల దూర్చిన ఆ రోజే చూశాను.
అక్కడొక తిప్పుడు పిడి,
తుప్పులో తుప్పై, కదలనంది.
కిరసనాయిలు తడిపిన గుడ్డ చుట్టి
జ్వరమొచ్చిన పిల్లకి పట్టీ వేసినట్టు
రాత్రంతా వదిలేశాను.
పొద్దున కిర్రుమంది. ఒప్పుకుంది.

కొళాయి తల విప్పితే లోపల వాషరు
నమిలి ఉమ్మేసిన తోలుముక్కలా ఉంది.
ఆ కొలత ఇప్పుడెవరూ చెయ్యరన్నారు బజారులో.
రియోని ఒడ్డున చేపలకని వేసుకు తిరిగిన
నా రబ్బరు బూటొకటి మడమ పగిలి అటక మీదుంది.
దాని మీద, ఇప్పుడు చెల్లని రెండు తెత్రీల బిళ్ల పెట్టి
గీత గీసి, కత్తెరతో కోశాను.
మొదటిది కోడిగుడ్డులా వచ్చింది.
రెండోది నవ్వొచ్చేలా.
మూడోది కొళాయికి నచ్చింది.

ఇక అవిసె నార.
మరచుట్ల మీద చుట్టి బిగించాలని తెలుసు,
ఎటు చుట్టాలో తెలీదు.
ఎడమకి చుట్టాను. బిగిస్తుంటే
నారంతా విడిపోయి ముసలాడి గడ్డంలా వేలాడింది,
నీళ్లు నా మొహాన్నే కొట్టాయి.
చేతులు తుడుచుకుని నేల మీదే కూర్చుని ఆలోచించాను.
మర ఎటు బిగుస్తుందో నార కూడా అటే పోవాలి.
అంతే.
ఇంత చిన్న సంగతి
నేను చెప్పిన ఏ పాఠంలోనూ లేదు.

ఆ రాత్రి దీపం ఆర్పి పడుకున్నాను.
నిశ్శబ్దం. కాసేపు దాన్నే వింటూ ఉన్నాను.
తర్వాత
టప్.

లేచి వెళ్లి వేలు పెట్టి చూశాను.
నా కొళాయి పొడిగా ఉంది.
టప్.
పైకప్పులోంచి.
ఇన్నాళ్లూ నాదనుకుని తిట్టుకున్న చప్పుడులో
సగం ఎల్గుజాది.

ఎల్గుజాతో మాటల్లేక తొమ్మిదేళ్లు.
రెండు మేడల మధ్య కప్పీల మీద నడిచే బట్టల తాళ్లు,
పైన అతనిది, కింద నాది.
అతని తడి కోటు నా ఆరిన దుప్పట్ల మీద కారింది.
నేనొకటన్నాను. అతను నాలుగన్నాడు.
ట్రాలీబస్సు నడిపిన గొంతు,
చివరి సీటు దాకా వినబడుతుంది.

బూటు ఇంకా మిగిలే ఉంది.
నాలుగో బిళ్ల కోసి, గుప్పెడు నార జత చేసి,
పాత పేపరులో పొట్లం కట్టి
అతని గుమ్మం ముందు పెట్టి వచ్చేశాను.
తలుపు కొట్టలేదు. అంత మంచిదాన్ని కాను.

రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేదు.
మూడో రోజు సాయంత్రం సింకు వెనక గొట్టం మీద
ఇనుముతో కొట్టిన చప్పుడు, మూడుసార్లు.
ఆ వెనకే గొట్టం సందులోంచి గొంతు,
ఈసారి ముందు సీటు వరకే:
"నార ఎటు చుట్టాలి?"

"కుడికి!"
తొమ్మిదేళ్ల తర్వాత నా మొదటి మాట
కుడికి.

తెల్లారి చూస్తే
వంటింటి పైకప్పున అరచేయంత తడి.
సరిగ్గా వినలేదో,
విని కూడా నా మాట కాబట్టి ఎడమకి చుట్టాడో,
కింద పడుకుని చూస్తే కుడి ఎడమవుతుందని
నేనే చెప్పడం మరిచానో.

రెంచీ తీసుకున్నాను. బూటు కూడా.
ఇరవై రెండు మెట్లు.
మోకాళ్లు తిట్టుకుంటున్నాయి,
తిట్టుకోనీ.